ఖాళీ అని రాసిన ఇల్లు

పోయిన వారం ప్రణతిని ఉప్పరగండి అంగన్‌వాడీ అరుగు మీద, చేతిలో స్కెచ్ పెన్నుతో, సగం తెరిచిన నోటితో వదిలేసి వచ్చాం. ఒక ఆడమనిషిని వారం రోజులు అలా నిలబెట్టి ఉంచడం పత్రికలవాళ్ళకే చెల్లింది.

ఆవిడ నోరు తెరిచింది పొగను చూసి. పొగలో వింతేమీ లేదు. పదకొండు గంటలప్పుడు ఏ ఊళ్ళోనైనా పొయ్యి వెలుగుతుంది. కానీ ఆ పొగ లేస్తున్నది నలభై ఒకటో నంబరు ఇంటి వెనక నుంచి. ఆవిడ చేతిలో ఉన్న ఊరి పటంలో నలభై ఒకటి పక్కన, ఆవిడ దస్తూరీలోనే, గుండ్రంగా ‘ఖాళీ’ అని ఉంది.

కథ మధ్యలో ఎక్కినవాళ్ళకి నాలుగు ముక్కలు. ప్రణతి ఇల్లు బరంపురంలో, బడా బజార్ వెనక సందులో. భర్త శరత్ చంద్ర నీటిపారుదల ఇంజనీరు. ఇంట్లో కూడా వాతావరణ శాఖలాగే మాట్లాడతాడు: రోజుకి రెండుసార్లు, క్లుప్తంగా. కూతురు సుశ్మిత భువనేశ్వర్ హాస్టల్లో ఉంది. ఎమ్మే చదివి, ఇరవై మూడేళ్ళు పప్పులో ఉప్పు సరిచూసిన తరవాత ప్రణతికి దొరికిన మొదటి పని ఇది. ఒక స్వచ్ఛంద సంస్థ ఒడియాలో వేసిన పుస్తకాన్ని, గిరిసోల దాటాక సముద్రపు ఒడ్డున ఉన్న తెలుగు పల్లెల కోసం తెలుగు చెయ్యాలి. ఎండలు ముదిరితే ఏం చెయ్యాలి, నూతిలోకి ఉప్పునీరు దిగితే ఏం చెయ్యాలి, తుపాను వస్తే ఎవరిని ముందు తరలించాలి, అవీ అందులో సంగతులు. ‘మారిన కాలానికి సర్దుకుపోవడం ఎలా’ అని ఆవిడ ఎంతో ఆలోచించి పెట్టిన పేరు చదివి పల్లె ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. “ఆ ముక్కకి పుస్తకవేటమ్మా? పెళ్ళయిన కాణ్ణుంచీ మావు సేస్తన్నది అదే కదా!”

పుస్తకంలో ఆఖరి పని ఊరి పటం. ఆడవాళ్ళే అంగన్‌వాడీ ముందు నేల మీద ముగ్గుతో ఊరంతా గీశారు. ప్రణతి కాగితం మీదికి ఎక్కించింది. అరవై మూడు ఇళ్ళు. ఒంటరి ముసలివాళ్ళున్న ఇంటి మీద బొట్టుబిళ్ళ అంటించాలన్నారు. విధవల ఇంటికి ఎర్రబిళ్ళ పనికిరాదని గంటసేపు తగువులాడుకుని నల్లబిళ్ళకి రాజీ పడ్డారు. ఒక్కో బిళ్ళకి ఎదురుగా రెండు గళ్ళు. ఒకదాంట్లో ఆ మనిషి పేరు, రెండోదాంట్లో ఆ మనిషిని తుపాను షెల్టర్‌కి తీసుకొచ్చే మనిషి పేరు. సాయంత్రం ఐదు గంటలకి కాగితం బ్లాకాఫీసు చేరాలి. వాయుగుండం ఎల్లుండి ఒడ్డు తాకుతుందంటున్నారు. కాగితంలో ఉన్న గడపకి బండి వస్తుంది. లేని గడపకి రాదు.

“ఎర్రమ్మా, ఆ పొగేమిటి?” అంది ప్రణతి.

మహిళా గ్రూపు ప్రెసిడెంట్ ఎర్రమ్మ ఆ వైపు తల తిప్పకుండానే చూసింది. “పొగేటమ్మా? మంచు.”

“పదకొండు గంటలకా?”

“సముద్రం పక్కన మంచుకి టైమేటి?”

“ఎండుచేపల వాసనొచ్చే మంచు మా బరంపురంలో పడదు. అదృష్టం మీ ఊరిది.”

అరుగు మీదున్న పన్నెండుమంది ఆడవాళ్ళూ ఒక్కసారిగా పనిమంతులైపోయారు. ఒకామె జుట్టుముడి విప్పి, బాగానే ఉన్న ముడిని మళ్ళీ వేసుకుంది. కాసులు అనే ఆవిడ పక్కనున్న పిల్ల తల లాక్కుని పేలు వెతకసాగింది. ఆ పిల్ల ఆవిడ పిల్ల కాదు.

“అది మూసీసిన ఇల్లు తల్లీ,” అంది చివరికి ఎర్రమ్మ. “మా పైడయ్యన్న పోయిన ఇల్లు. దనిష్టలో పోనాడు. ఆర్నెల్లు ముయ్యాల, మూసీసినాం. అంతే.”

ప్రణతికి ఇందులో కొత్త లేదు. ధనిష్ఠా నక్షత్రంలో మనిషి పోతే ఆ ఇంటికి తాళం వేసి, ఇంటిల్లిపాదీ ఆరు నెలలు మరో చోట తలదాచుకోవాలి. ఆవిడ పెదమామగారు కూడా అలాంటి నక్షత్రమే చూసుకుని పోయాడు. బతికుండగా పెట్టడం మరిచిపోయిన ఇబ్బంది ఏదైనా ఉంటే అదీ పెట్టి వెళ్ళాడు.

“మరి ఆ ఇంట్లోవాళ్ళు?”

“ఎల్లిపోనారు.”

“అందరూనా?”

“అందరేటి, ఉన్నది ఇద్దరే కదమ్మా,” అని, ఒకరి సంగతి చెప్పి రెండోవారి సంగతి చెప్పకుండానే ఎర్రమ్మ లేచి, చాట పుచ్చుకుని చెరగడం మొదలుపెట్టింది. చాటలో బియ్యం లేవు.

*

ఆ ఇల్లు మూడో వీధిలో ఆఖరిది. తరవాత సరుగుడు తోట, తోట దాటితే గండి. పోటు మీద సముద్రం లోపలికొచ్చి ఏనుగు లోతవుతుంది, పాటు మీద మోకాలి లోతున దారి వదులుతుంది. వీధితలుపుకున్న తాళం ఉప్పుగాలికి తుప్పుపట్టి, చెవి పెట్టే కన్ను కూడా పూడిపోయింది. తలుపు మీద సుద్దముక్కతో ఒడియాలో పెద్ద అక్షరాలు. వానకి సగం కారిపోయినా చదవొచ్చు. ఖాళీ.

ప్రణతి ఇంటి పక్కనుంచి వెనక్కి నడిచింది. కొబ్బరిమట్టల దడి దగ్గర ఎవరో వంగి ఉన్నారు. చూస్తే, అడ్డదారిన తనకంటే ముందొచ్చిన కాసులు. దడి మొదట్లో ఆకు మూసిన గిన్నె పెడుతోంది. ప్రణతిని చూసి నిటారుగా నిలబడి, ఆకాశం వైపు తలెత్తి, “వర్సమొచ్చీలాగున్నాది,” అని గాలికి చెప్పి, ఆ గిన్నెతో తనకేమీ బంధుత్వం లేనట్టు వెళ్ళిపోయింది.

దడి తడిక తీస్తే వెనక వసారా. పొయ్యి ముందు ఒక ముసలామె, వాచిన మోకాలు చాపుకుని, పుల్లకి గుచ్చిన ఎండుచేప కాలుస్తోంది.

“మామ్మా,” అంది ప్రణతి.

ముసలామె తిరగలేదు. పొయ్యిలో పుల్ల లోపలికి నెట్టింది.

“మామ్మా, మిమ్మల్నే.”

ఆవిడ మెల్లిగా తలెత్తి, ముందు తన వెనకనున్న గోడ వైపు చూసింది, అక్కడెవరైనా నిలబడ్డారేమోనని. ఎవరూ లేరు.

“నాతోటేనా?” అంది. చాన్నాళ్ళు తిప్పని గిలకలా కిర్రుమంది గొంతు.

“మీతోనే.”

“ఎవులు నువ్వు? ఈ ఊరుదానివి కావు. అందుకే మాటాడీసినావు.”

“నా పేరు ప్రణతి. బరంపురం నుంచి వచ్చాను, తుపాను పుస్తకం పని మీద. మీ పేరేమిటి?”

“చిట్టమ్మ,” అంది ఆవిడ. సరిగ్గా వచ్చిందో లేదో సరిచూసుకుంటున్నట్టు మళ్ళీ, “చిట్టమ్మ,” అంది. “అయిదు నెల్లయినాది ఈ పేరు ఇని. ఇప్పుడు నా నోటితో నానే అనుకున్నాను గదా, ఇది ఇన్నట్టా, కాదా?”

ప్రణతి ఎమ్మేలో ఇలాంటి ప్రశ్నలు రాలేదు. వసారా అంచున కూర్చుంది.

చిట్టమ్మకి మాట ముందు బొట్టుబొట్టుగా వచ్చింది, తరవాత ధారగా వచ్చింది. వైశాఖంలో పైడయ్య ఉప్పుమళ్ళ నుంచి మిట్టమధ్యాహ్నం నడిచి వచ్చాడు. గుమ్మంలో కూలబడ్డాడు. మంచినీళ్ళడిగాడు, కుండలోంచి ముంచేలోగా పోయాడు. “ఆయన్ని ఎండ సంపీసింది, ఇంటిని నచ్చత్రం మూసీసింది,” అంది ఆవిడ. పన్నెండు నుంచి మూడు వరకు ఎండలోకి వెళ్ళరాదు అన్న వాక్యం పుస్తకంలో మూడో పేజీలో ఉంది. దాన్ని ప్రణతి చాలా శుభ్రమైన తెలుగులో రాసింది.

మరిది అప్పలరాజు తన ఇంటికి తీసుకుపోయాడు. పదకొండు రోజులుంది.

“సరిగ్గా చూడలేదా?”

“బాగానే సూసినారు. మంచం ఏసినారు, ఏన్నీలెట్టినారు. బాగా సూస్తే ఎన్నాళ్ళుంటావు తల్లీ? నువ్వు సెప్పు. ముద్ద నోట్లో ఎట్టుకుంటే తోటికోడలు సూస్తన్నట్టుంటాది. సూడదు పాపం. అయినా ఉంటాది.” కూతురు హేమ సూరత్‌లో, మిల్లుపనికి పోయిన మొగుడితో, ఆరుగురికి ఒకటే గదిలో ఉంది. “ఆ గదిలో నాను కాలు సాపాలంటే మరొకలు లెగిసి నిలబడాల. పన్నెండోనాడు తెల్లారకుండా లెగిసి, ఎనక తడిక్కాణ్ణుంచి నా ఇంటికి నాను దొంగలాగ వచ్చీసినాను.”

“ఊరికి తెలుసా?”

చిట్టమ్మ నవ్వింది. ముందు పళ్ళు రెండు లేవు. “అందరికీ తెలుసు. ఎవులికీ తెల్దు.”

ఆ ఏర్పాటు ప్రణతికి కాసేపటికి అర్థమైంది. మూసిన ఇంట్లో మనిషి ఉందని తెలిస్తే, కీడు వీధంతటికీ. తెలిసినవాళ్ళు తోలెయ్యాలి, శాంతి చేయించాలి. ఆవిడని తోలెయ్యడానికి ఊళ్ళో ఎవరికీ మనసు రాలేదు. అందుకని ఊరు ఊరంతా తెలుసుకోవడం మానేసింది. దడి మొదట్లో గిన్నె పెడతారు, కట్టెలు పడేస్తారు, బిందెతో నీళ్ళు దింపుతారు. మాట్లాడరు. మాట్లాడితే తెలిసినట్టు. ఎదురుపడితే ఆవిడ లోంచి వెనకున్న సరుగుడు చెట్లని చూస్తారు. ఇంత దయగల ఊరు మరొకటి ఉండదు. ఇంత నిశ్శబ్దమైనదీ ఉండదు.

“సావనంలో గాలేసింది సూడు,” అంది చిట్టమ్మ. “అప్పుడు ఊరంతా సెల్టరుకి పోనారు. నాను లోపల మంచం కోడు పట్టుకుని కూకున్నాను. వలంటీరు ఇల్లిల్లూ సూసుకుంటా వచ్చినాడు. ఈదితలుపు కాడ ఆగినాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. సుద్దముక్కతోటి రాసినాడు. తలుపు మీద రాస్తంటే లోపలికెంత సప్పుడో తెలుసా నీకు? బరబరబరా.”

“మీరు కేకెయ్యలేదా?”

“ఎలాగేస్తాను? దగ్గినాడు. ఆ దగ్గు నాకు తెలుసు.”

“ఎవరిది?”

“ఇంకెవులిది? మా మరిదిదే. అప్పలరాజు. ఆడే వలంటీరు.”

చేప మాడిపోతోంది. ఇద్దరూ చూస్తున్నారు, ఎవరూ తియ్యలేదు.

ప్రణతికి అప్పుడు గుర్తొచ్చింది, గుర్తు చేసుకోకూడదని చాలాకాలంగా కష్టపడుతున్న ఒక మధ్యాహ్నం. పోయిన ఏడాది గాలివానకి శరత్ చంద్ర డ్యూటీలో ఉన్నాడు, సుశ్మిత హాస్టల్లో ఉంది. కరెంటు పోయింది. మెట్ల మీద పొరుగువాళ్ళు ఒకరినొకరు పిలుచుకుంటూ కిందింటికి చేరుతున్నారు. “శరత్ గారి వాళ్ళు భువనేశ్వర్ వెళ్ళినట్టున్నారు, కారు లేదు,” అన్నారెవరో తలుపు అవతల. ప్రణతి తలుపు ఇవతలే నిలబడి ఉంది, గడియ మీద చెయ్యి పెట్టి. తియ్యలేదు. తీస్తే వాళ్ళు అయ్యో అనాలి, చూసుకోలేదని నొచ్చుకోవాలి, టీ పెట్టాలి. ఇంత శ్రమ వాళ్ళకి దేనికని. తరవాత మొగుడు ఫోన్ చేసి “ఓకే?” అన్నాడు. “ఓకే” అంది.

“మామ్మా, మీ పేరు రాసుకుంటాను,” అంది ప్రణతి. “ఎల్లుండి తుపాను. ఇది శ్రావణంలో వేసిన గాలిలాంటిది కాదు. ఈ పెంకులు ఆగవు. మీరు ఆ మోకాలితో షెల్టర్ దాకా నడవలేరు. కాగితంలో పేరుంటే బండి వస్తుంది.”

“రాయకు.”

“ఎందుకు?”

“ఇంకా ఇరవై మూడు రోజులున్నాది ఆర్నెల్లకి. అప్పుడు ఈదితలుపు తీస్తాను. నీలు సల్లి ముగ్గేస్తాను. అప్పుడొచ్చి రాసుకో, ఒకటికి రెండుసార్లు రాసుకో.”

“తుపాను ఎల్లుండే కదా!”

“ఆగమను. సదువుకున్నావు, పుస్తకం రాసినావు, ఆ మాత్రం సెప్పలేవేటి?”

“నవ్వులాట కాదు మామ్మా. పోతారు.”

చిట్టమ్మ చేపను పొయ్యిలోంచి తీసి, మాడిన పొట్టు గోటితో గీకింది. “ఇదిగో తల్లీ. నాను ఈడున్నానని నువ్వు కాయితం మీద ఎక్కిస్తే, ఇన్నాళ్ళు నాకు కూడెట్టినోలందరూ అబద్దాలోలయిపోతారు. పోలీసులేటి, బ్లాకాఫీసేటి, పంతులేటి, అందరూ అడుగుతారు, మీకు తెల్దా అని. ఆలేటి సెప్తారు? కూడెట్టినోల నోట మన్నుగొట్టి నాను బతకాలా? అంత బతుకు నాకు ఒద్దు.”

ప్రణతి లేచింది. ఒక విధవరాలి మంచితనం మీద ఇంత కోపం రావచ్చునని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు.

“నేను రాస్తాను,” అంది. “మీరు తిట్టుకోండి.”

చిట్టమ్మ కూడా ప్రణతి లోంచి సరుగుడు చెట్లని చూడ్డం మొదలుపెట్టింది.

*

అంగన్‌వాడీ దగ్గర అప్పలరాజు వచ్చి ఉన్నాడు. అరవై ఏళ్ళుంటాయి. వలంటీరు చొక్కా, మెడలో ఈల, చేతిలో బ్యాటరీ మైకు. ఊళ్ళో ఏ చాటింపైనా ఆ మైకులోంచే రావాలి. కాగితం మీద చూపుడువేలితో ఇళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు.

“నలభయ్యొకటి దగ్గర దిద్దాలి,” అంది ప్రణతి. “ఒక మనిషి. చిట్టమ్మ.”

ఆ పేరు అరుగు మీద పడగానే ఎవరో గ్లాసు జారవిడిచినట్టయింది. ఎర్రమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

“ఆ ఇల్లు కాళీ మేడమ్,” అన్నాడు అప్పలరాజు. “నానే సూసి రాసినాను.”

“అవును. మీరు రాస్తుంటే ఆవిడ లోపలినుంచి విన్నది. మీ దగ్గు కూడా విన్నది.”

అప్పలరాజు మైకుని ఒక చేతిలోంచి రెండో చేతిలోకి మార్చుకున్నాడు. దగ్గు రాబోతే మింగేశాడు.

“తలుపు కొడితే తీస్తాది,” అన్నాడు నేల వైపు చూస్తూ. “తీస్తే నాను సూసినట్టు. సూసినోడు తోలీయాల. ఎక్కడికి తోలాల? మా ఇంటికే గదా. మా ఇంట్లో ఉండలేకే గదా ఎల్లిపోనాది. అలగని రాయకపోతే మరొకడొచ్చి తలుపు కొడతాడు. అందికే రాసినాను, ఎవులూ రాకుండ.”

“రాసి షెల్టర్‌కి వెళ్ళిపోయారు.”

“ఎవులు సెప్పినారు ఎల్లిపోనానని?” ఆయన మొదటిసారి తలెత్తాడు. “పొద్దోయీదాకా ఆ తలుపు ముందర సూరు కిందే కూకున్నాను. గోడ పడితే సప్పుడొస్తాది కదా, ఇనపడితే దూరుదామని. నా వొల్లంతా తడిసి ముద్దయిపోనాది. ఉన్న దగ్గు ముదిరిపోయి, అప్పట్నుంచి ఒగ్గటం నేదు.”

తలుపుకి ఆ పక్క వదిన, ఈ పక్క మరిది, మధ్యన సుద్దముక్కతో రాసిన ఒక్క మాట. పుస్తకంలో ఈ పరిస్థితికి పేజీ లేదు.

ఎర్రమ్మే ముందు తేరుకుంది. ప్రెసిడెంట్లు ఊరికే అవుతారా? “మావు రాయలేం తల్లీ,” అంది గొంతు తగ్గించి. “మీరు రాసుకోండి. మీది బరంపురం. మీకు మా దనిష్టలూ అవీ ఏటి తెలుస్తాయి? తెలీక రాసీసినారు. అడిగితే అలాగే సెప్తాం.”

ప్రణతి ఆ ఎమ్మే పట్టాని మనసులోనే మడిచి పక్కన పెట్టి, తెలివితక్కువదానిగా కూర్చుని రాసింది. నలభై ఒకటి. చిట్టమ్మ. అరవై ఎనిమిదేళ్ళు. ఒంటరి. మోకాళ్ళు. నల్లబిళ్ళ అంటించింది. రెండో గడి మిగిలింది: తీసుకొచ్చే మనిషి.

“ఇది నింపకపోతే కాగితం తిప్పి పంపిస్తారు. ఎవరి పేరు?”

కాసులు తన కాలి మట్టెని తిప్పుకుంది. అప్పలరాజు మెడలోని ఈలని చొక్కా లోపలికి దోపుకున్నాడు. పేరు రాయించుకుంటే వెళ్ళి పిలవాలి. పిలిస్తే, ఐదు నెలలు తెలియనిది ఇవాళ తెలిసిపోతుంది.

అప్పుడే ఫోన్ మోగింది. శరత్ చంద్ర. ఆ రోజు రెండో బులెటిన్‌కి ఇంకా టైముంది.

“దిశ మారింది,” అన్నాడు. “వేగం పెరిగింది. ఎల్లుండి కాదు, రేపు మధ్యాహ్నమే. సాయంత్రం నాలుగు తరవాత గిరిసోల నుంచి బస్సులుండవు. వెంటనే బయల్దేరు.”

“నేను రాలేనండీ.”

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయనకి ఈ వాక్యం మీద అనుభవం లేదు. “ఏం?”

“ఒక కాగితం మీద నా పేరు రాసుకుంటున్నాను,” అంది ప్రణతి, రాస్తూనే. “రాశాక ఉండాలి కదా. ఫ్రిజ్‌లో పెరుగుంది. పచ్చడి రెండో అరలో, ఎర్రమూత.”

ఎర్రమ్మ తొంగిచూసి తెలుగక్షరాలు కూడబలుక్కుంది. “మీరా? మీరెలాగమ్మా? మీరు ఒక్కలూ ఆవిడ్ని మోస్తారేటి?”

“మీకెవరికీ ఆవిడ తెలీదు కదా,” అంది ప్రణతి. “నాకు తెలుసు. ఇందాకే మాట్లాడాను.”

*

కాగితం మోటార్‌సైకిల్ మీద బ్లాకాఫీసుకి వెళ్ళింది. ప్రణతి మళ్ళీ మూడో వీధికి వెళ్ళింది, రేపటిదాకా ఆగేది లేదు, ఇప్పుడే బయల్దేరదాం అని చెప్పడానికి. అప్పలరాజు పది అడుగుల వెనక, ఆ వైపు వేరే పనున్నవాడిలా నడిచాడు. ఆయన వెనక ఎర్రమ్మ, ఆమె వెనక కాసులు, ఆ వెనక మరో నలుగురు. అందరికీ వేరే పనులే.

తడిక తీసి ఉంది. పొయ్యిలో నీళ్ళు చిమ్మి ఆర్పిన బూడిద ఇంకా తడిగా ఉంది. చాప చుట్టి గోడకి చేరేసి ఉంది. కాసులు పెట్టిన గిన్నెని కడిగి, బోర్లించి, దడి మొదట్లో ఎప్పటి చోటే ఉంచింది ముసలామె. అన్నం తిన్నదో, కాకులకి వేసిందో తెలీదు. ఇంట్లో మనిషి లేదు.

ప్రణతికి ఒక్క క్షణంలో అర్థమైంది. తను వెళ్ళి రాస్తానంది. ముసలామె దానికి విరుగుడు కనిపెట్టింది. ఇంట్లో మనిషే లేకపోతే ఊళ్ళో ఒక్కరూ అబద్ధమాడినట్టు కాదు.

ఇసకలో కర్ర గుచ్చిన గుర్తులు, ఒక కాలు ఈడ్చిన గీత సరుగుడు తోటలోకి సాగాయి. అందరూ పరుగెత్తారు. తోటలో గాలి అప్పటికే లేచింది. చెట్లన్నీ ఒకేసారి ఉస్సుమంటున్నాయి.

“మామ్మా!” అని అరిచింది ప్రణతి. “చిట్టమ్మ మామ్మా!”

గాలి ఆ కేకను తీసుకెళ్ళి ఊరివైపు పారేసింది.

“మీ గొంతుకి పలకదమ్మా,” అంది కాసులు, ఏడుపు గొంతుతో. “రాసిన మనిసివని ఇంకా లోపలికి పోతాది.”

“అయితే మీరు పిలవండి!”

ఎవరూ పిలవలేదు. ఎర్రమ్మ నోరు తెరిచి మూసింది. అప్పలరాజు మైకు పెదాల దాకా తెచ్చుకున్నాడు. మైకు కుయ్యిమని కూసింది, లోపలికి మాట వెళ్ళలేదు. ఐదు నెలలు బిగించిన నోళ్ళు. ఏ ఒక్కరు పిలిచినా వీధి వీధంతా శాంతి చేయించుకోవాలి, కీడు ఎవరింట్లో తేలుతుందో చూసుకుంటూ కూర్చోవాలి. తోట అంచున గండి నీళ్ళు రంగు మారుతున్నాయి. పోటు మొదలైంది.

“ఇలాగియ్యి!” అని ఎర్రమ్మ అప్పలరాజు చేతిలోని మైకు లాక్కుంది. కొంగు జారిపోతే ఎత్తుకోలేదు. అరవై మూడు ఇళ్ళకీ, అంగన్‌వాడీకీ, గుడిలో పంతులుకీ వినపడేలా, గొంతు చిరిగేలా అరిచింది.

“వొదినా! ఓ చిట్టమ్మొదినా! ఎక్కడున్నావే? ఇంటికొచ్చీయే!”

తరవాత కాసులు అరిచింది, “అత్తా!” అని. తరవాత మిగిలినవాళ్ళందరూ, పిన్నీ అని, అప్పా అని, ఎవరికున్న వరస వాళ్ళు. అప్పలరాజు మైకు లేకుండానే, దగ్గుతో కలిపి, “వొదినా” అన్నాడు.

అందరూ ఆగి చెవులొగ్గారు. గాలి ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టు తగ్గింది.

జవాబు వచ్చింది. సన్నగా, కిర్రుమంటూ, ఎంతో ఆశ్చర్యంగా. “నన్నేనా?”

వచ్చింది గండికి అవతలి ఒడ్డునుంచి. మధ్యలో ఇందాకటి దారి లేదు. దాని మీద నీళ్ళు మనిషి నడుమెత్తున తిరుగుతున్నాయి.